రాలో తీస్తే కెమెరా సెట్టింగులతో పనిలేదా?

"రాలో తీసేయ్, మిగతాది ఎడిటింగ్‌లో చూసుకుందాం" అనే మాట పెళ్లి ఫోటోగ్రాఫర్ల దగ్గర రోజూ వినిపిస్తుంది. రా (raw) అంటే జేపెగ్ ఫోటోగా మార్చకముందు సెన్సర్ పట్టుకున్న డేటా ఉన్న ఫైలు. ఆ మాటలో సగం నిజం. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల్ని సర్దేది), పిక్చర్ స్టైల్ (ఫోటో రూపాన్ని మార్చేది), షార్ప్‌నెస్ లాంటివి రా ఫైలులోని అసలు డేటా జోలికి వెళ్లవు. కానీ అదే మెనూలో ఇంకొన్ని ఉన్నాయి. పేరు చూస్తే జేపెగ్‌కి సంబంధించినవే అనిపిస్తాయి గానీ లోపల ఎక్స్‌పోజర్‌నే, అంటే ఫోటో ఎంత వెలుతురుగా రికార్డవుతుందో దాన్నే, మార్చేస్తాయి. ఇక డేటాని ముట్టుకోని సెట్టింగులు కూడా కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్‌ని (ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) మారుస్తాయి. మనం ఎక్స్‌పోజర్ పెట్టేది ఆ హిస్టోగ్రామ్ చూసే. అంటే వైట్ బ్యాలెన్స్ తప్పుగా ఉంటే రంగు ఒక్కటే కాదు, చివరికి ఫోటోలో నాయిస్ (గరుకు చుక్కలు) ఎంత ఉంటుందో కూడా మారిపోవచ్చు.

ఉదాహరణలు ఎక్కువగా మన పెళ్లిళ్ల నుంచే తీసుకుంటాను. ఎర్ర పట్టుచీర, జరీ, పసుపు, ఎల్‌ఈడీ దీపాలు, తెల్లవారుజాము ముహూర్తం. సెన్సర్‌ని ఇంతగా కష్టపెట్టే చోట్లు తక్కువ.

ఫైలులో ఏముంటుంది

సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కి ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది. మామూలు బేయర్ సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెల్స్‌కి రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒక్కో పిక్సెల్ మీద ఎంత వెలుతురు పడిందో చెప్పే అంకెలే రా ఫైలు. 12 బిట్ అయితే 0 నుంచి 4095 దాకా, 14 బిట్ అయితే 0 నుంచి 16383 దాకా. వాటిని కలిపి రంగుల బొమ్మగా చేసే పని ఇంకా మొదలే కాలేదు. ఈ అంకెలతో పాటు అదే ఫైలులో కెమెరా తయారుచేసిన ఒక జేపెగ్ ప్రివ్యూ, తీసినప్పటి సెట్టింగులు రాసిన మెటాడేటా ఉంటాయి.

షట్టర్ స్పీడ్ (వెలుతురు పడే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ (సిగ్నల్‌ని పెంచేది), బిట్ డెప్త్, కంప్రెషన్, క్రాప్ మోడ్ ఈ అంకెలని నేరుగా మారుస్తాయి. చాలామంది మర్చిపోయేది లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్. 30 సెకన్ల ఫోటో తీశాక కెమెరా షట్టర్ మూసి ఇంకో 30 సెకన్లు చీకటి ఫ్రేమ్ తీస్తుంది, దాన్ని మొదటి ఫ్రేమ్‌లోంచి తీసేస్తుంది. ఆ తీసివేత రాలోనే జరుగుతుంది. బాణసంచా తీస్తున్నప్పుడు ఇది ఆన్‌లో ఉంటే, ప్రతి ఫోటో తర్వాత అంతసేపూ కెమెరా చేతులు కట్టేసినట్టే.

మెటాడేటాలో మాత్రమే ఉండేవి వేరే. వైట్ బ్యాలెన్స్, కెనాన్ పిక్చర్ స్టైల్, నికాన్ పిక్చర్ కంట్రోల్, సోనీ క్రియేటివ్ లుక్, ఫూజీ ఫిల్మ్ సిమ్యులేషన్, కాంట్రాస్ట్, శాచురేషన్, కలర్ స్పేస్ (చూపగల రంగుల పరిధి). హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్ కూడా మామూలుగా జేపెగ్‌కే. బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో పెట్టి రా తీసినా ఫైలులో రంగులన్నీ భద్రంగా ఉంటాయి, ప్రివ్యూ ఒక్కటే నలుపు తెలుపు.

యాస్పెక్ట్ రేషియో విషయంలో కంపెనీకో పద్ధతి. కెనాన్‌లో 1:1 పెట్టినా రా మొత్తం ఉంటుంది, ఎక్కడ కత్తిరించాలో గుర్తు మాత్రమే రాసుకుంటుంది. నికాన్‌లో ఇమేజ్ ఏరియా మారిస్తే నిజంగానే కత్తిరిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఏపీఎస్-సీ క్రాప్ (సెన్సర్ మధ్య భాగం మాత్రమే వాడటం) పెడితే 24 మెగాపిక్సెల్ ఫైలు సుమారు 10 మెగాపిక్సెల్‌కి పడిపోతుంది. బటన్ పొరపాటున తగిలి మారిపోయే సెట్టింగుల్లో ఇదొకటి. మళ్లీ వెనక్కి తెచ్చుకోలేం.

ఎర్ర పట్టుచీర, అబద్ధం చెప్పే హిస్టోగ్రామ్

కెమెరా స్క్రీన్ మీద కనిపించే హిస్టోగ్రామ్ రా డేటాది కాదు, జేపెగ్ ప్రివ్యూది. హైలైట్ హెచ్చరిక మిణుకులు (మరీ వెలుతురైన చోట్లు స్క్రీన్ మీద ఆరి వెలగడం) కూడా అంతే. ఈ రెండింటి మధ్య తేడా ఎంత ఉంటుందో తెలియకపోతే రాలో తీయడం వల్ల వచ్చే లాభం చాలావరకు పోతుంది.

తేడా ఎక్కడి నుంచి వస్తుందంటే, ముందుగా వైట్ బ్యాలెన్స్ నుంచి. సెన్సర్ ఆకుపచ్చని బాగా పట్టుకుంటుంది, ఎరుపుని, నీలాన్ని తక్కువగా. తెలుపు తెలుపుగా కనిపించాలంటే ఎరుపు, నీలం అంకెలని ఏదో ఒక సంఖ్యతో గుణించాలి. పగటి వెలుతురులో చాలా కెమెరాలకి ఎరుపు గుణకం సుమారు 2, నీలం గుణకం సుమారు 1.5 ఉంటుంది. ఆకుపచ్చ 1. ఇప్పుడు ఉదయం ఎండలో నిలబడ్డ పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర తీసుకోండి. 14 బిట్ రాలో చీర మీద ఎరుపు విలువ 9000 ఉందనుకుందాం. 16383కి ఇంకా ముప్పావు స్టాప్‌కి పైగా ఖాళీ ఉంది (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం కావడం). రెండుతో గుణిస్తే 18000. జేపెగ్ లెక్కలో ఎరుపు నిండిపోయింది. దానిమీద పిక్చర్ స్టైల్ కాంట్రాస్ట్, శాచురేషన్ ఇంకాస్త తోస్తాయి. ఎస్‌ఆర్‌జీబీ కలర్ స్పేస్‌లో అంత ముదురు ఎరుపుకి చోటు కూడా లేదు. చీరంతా మిణుకుమిణుకుమంటుంది.

అది చూసి ఫోటోగ్రాఫర్ ఒక స్టాప్ తగ్గిస్తాడు. చీర మిణుకులు ఆగుతాయి, కానీ పందిరి నీడలో ఉన్న ముఖాలు ఒక స్టాప్ చీకట్లోకి వెళతాయి. ఎడిటింగ్‌లో ముఖాలు పైకి లేపితే నాయిస్ వస్తుంది. వెలుతురులోనే సహజంగా ఉండే నాయిస్ ఇది: ఒక పిక్సెల్‌లో 40,000 ఎలక్ట్రాన్లు చేరితే నాయిస్ దాని వర్గమూలం, అంటే 200, సిగ్నల్‌కి, నాయిస్‌కి నిష్పత్తి 200. ఒక స్టాప్ తగ్గించి 20,000 చేరితే నిష్పత్తి 141కి పడుతుంది. ఆ పోయిన తేడాని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఏ స్లైడరూ తిరిగి తేలేదు. నాయిస్ రిడక్షన్ దాన్ని కప్పగలదు, అంతే. లేని సమస్యకి భయపడి నిజమైన సమస్యని తెచ్చుకోవడం ఇక్కడ జరిగే పని.

ఇదే చీర రాత్రి పసుపు బల్బుల కింద ఉంటే లెక్క తిరగబడుతుంది. 3000 కెల్విన్ దగ్గరి వెలుతురులో ఎరుపు దండిగా ఉంటుంది కాబట్టి దాని గుణకం 1.3 దరిదాపుల్లోకి దిగుతుంది, నీలం గుణకం 2 దాటిపోతుంది. అప్పుడు ఎరుపు క్లిప్ అయిందని (నిండిపోయి వివరాలు పోయాయని) కెమెరా చెబితే చాలావరకు నిజంగానే క్లిప్ అయింది. పగలు ఎర్ర చీర మిణుకుల్ని కొంత పట్టించుకోకపోయినా ఫరవాలేదు, రాత్రి వెచ్చటి దీపాల కింద మాత్రం నమ్మాలి. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఎడిటింగ్ తగ్గుతుంది.

పసుపుది ఇంకో రకం ఇబ్బంది. పసుపు రంగు అంటే ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఎక్కువ ఉండటం. మంగళస్నానం ఫోటోల్లో తడి పసుపు మెరిసే చోట రెండు చానళ్లూ ఒకేసారి పైకి పోతాయి, నీలం ఎలాగూ తక్కువే. చర్మం మీది గీతలు, నీటి చుక్కలు కలిసిపోయి ఒకే పసుపు మచ్చ మిగులుతుంది. ఇక్కడ మూడో వంతు స్టాప్ తక్కువగా తీయడం మేలు. జరీ మీది చిన్న చిన్న మెరుపులు పోతే మాత్రం పోనివ్వండి, జరీ మెరవాల్సిందే.

స్టేజి వెనక నీలం, ఊదా ఎల్‌ఈడీలు ఉన్నప్పుడు హిస్టోగ్రామ్ ఇంకో విధంగా మోసం చేస్తుంది. ఒకే తెల్ల గ్రాఫ్‌గా కనిపించేది ల్యూమినెన్స్ (మొత్తం వెలుతురు) హిస్టోగ్రామ్. అందులో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపు 21, నీలం 7 మాత్రమే. నీలం చానల్ పూర్తిగా నిండిపోయినా ఆ గ్రాఫ్ మధ్యలోనే ప్రశాంతంగా ఉంటుంది. ముఖం మీద నీలం దీపం పడి బుగ్గ మీద వివరాలు పోయి, ముద్దగా నీలం మచ్చ కనిపించే ఫోటోలన్నీ ఇలాంటివే. వైట్ బ్యాలెన్స్ మార్చినా అది చర్మం రంగుకి రాదు, ఎందుకంటే మిగతా రెండు చానళ్లలో పెద్దగా ఏమీ లేదు. మెనూలో హిస్టోగ్రామ్‌ని ఆర్‌జీబీకి మార్చండి, మూడు చానళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. నీలం కుడి గోడకి అతుక్కుంటే మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించండి.

జేపెగ్ హిస్టోగ్రామ్‌ని రాకి దగ్గరగా తెచ్చుకోవాలంటే పిక్చర్ స్టైల్‌ని న్యూట్రల్‌లో, నికాన్‌లో అయితే ఫ్లాట్‌లో పెట్టి కాంట్రాస్ట్ తగ్గించాలి. రా మాత్రమే తీస్తుంటే కలర్ స్పేస్ అడోబ్ ఆర్‌జీబీలో పెడితే ముదురు రంగుల తప్పుడు హెచ్చరికలు కొంత తగ్గుతాయి. అలా పెట్టాక కెనాన్, నికాన్ ఫైలు పేర్లు అండర్‌స్కోర్‌తో మొదలవుతాయి, కార్డు పాడైందని కంగారుపడొద్దు. కానీ అదే కెమెరా నుంచి జేపెగ్‌లు నేరుగా వాట్సాప్‌కో ల్యాబ్‌కో వెళ్లేట్టయితే ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచండి. లేకపోతే రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి.

యూని డబ్ల్యుబి అని ఇంకో పద్ధతి ఉంది. గుణకాలన్నీ 1 అయ్యేలా కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకుంటారు. హిస్టోగ్రామ్ రాకి బాగా దగ్గరవుతుంది, ఫోటో మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద కొండలు, గుళ్లు తీసేవాళ్లకి ఇది బాగుంటుంది. పెళ్లిలో వద్దు. కెమెరా వెనక చూపించమని అడిగే చుట్టాలకి ఆకుపచ్చ పెళ్లికూతుర్ని చూపించలేం.

న్యూట్రల్ స్టైల్‌లో ఇంకో చిక్కు, ప్రివ్యూ మెత్తగా కనిపించి ఫోకస్ సరిగ్గా ఉందో లేదో తెలియదు. కాంట్రాస్ట్ తగ్గించినా షార్ప్‌నెస్ మాత్రం పెంచి పెట్టుకోండి. రాకి ఏమీ కాదు, జూమ్ చేసి చూసినప్పుడు కనురెప్పలు స్పష్టంగా తెలుస్తాయి.

పేరు ఒకటి, పని ఒకటి

ఇప్పుడు అసలైన దొంగ సెట్టింగులు. కెనాన్ హైలైట్ టోన్ ప్రయారిటీ ఆన్ చేస్తే ఐఎస్ఓ 200 నుంచే మొదలవుతుంది. కెమెరా చేసేదేమిటంటే, చెప్పిన ఐఎస్ఓ కంటే ఒక స్టాప్ తక్కువ గెయిన్‌తో (సిగ్నల్ పెంపు) రా రికార్డు చేసి, జేపెగ్‌లో షాడోస్ (చీకటి భాగాలు) పైకి లేపుతుంది. రాలో డేటా ఒక స్టాప్ చీకటిగానే ఉంటుంది. లైట్‌రూమ్ మెటాడేటా చదివి దాన్ని సరిచేస్తుంది కాబట్టి తేడా కంటికి కనిపించదు, షాడోస్‌లో నాయిస్‌గా బయటపడుతుంది.

ఫూజీలో డైనమిక్ రేంజ్ సెట్టింగు ఇదే పని ఇంకా గట్టిగా చేస్తుంది. ఎక్స్-టీ4 బేస్ ఐఎస్ఓ (సెన్సర్ సహజంగా పనిచేసే అతి తక్కువ ఐఎస్ఓ) 160. డీఆర్200 పెడితే కనీసం 320, డీఆర్400 పెడితే కనీసం 640. డీఆర్200 అంటే రా ఒక స్టాప్ తక్కువ, డీఆర్400 అంటే రెండు స్టాపులు తక్కువ. ఐఎస్ఓ 160కి ఎందుకు దిగడం లేదని తల పట్టుకునేవాళ్లు ముందు ఈ మెనూ చూడాలి. ఆటోలో ఉంటే కెమెరా ఒక్కో ఫోటోకి ఒక్కోలా నిర్ణయిస్తుంది, దాంతో ఒకే వరసలోని ఫోటోలు ఎడిటింగ్‌లో ఒకదానికొకటి కలవవు. రా తీసేవాళ్లు డీఆర్100లో పెట్టి, హైలైట్స్ కాపాడాలనుకున్నప్పుడు తామే ఎక్స్‌పోజర్ తగ్గించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎంత తగ్గించామో మన చేతిలో ఉంటుంది.

నికాన్ యాక్టివ్ డీ-లైటింగ్ గట్టి స్థాయిల్లో, ఆటో ఎక్స్‌పోజర్ మోడ్‌లలో, మీటరింగ్‌నే (కెమెరా వెలుతురు కొలిచే లెక్క) కొంచెం కిందికి లాగుతుంది. నికాన్ సొంత ఎన్‌ఎక్స్ స్టూడియోలో తెరిస్తే షాడోస్ లేచి బాగానే కనిపిస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫోటో చీకటిగా వస్తుంది, "కెమెరాలో బాగుంది కదా" అనిపిస్తుంది. కెనాన్ ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ ఎక్స్‌పోజర్ మార్చదు గానీ ప్రివ్యూని వెలిగించి చూపిస్తుంది. నిజానికి ఒక స్టాప్ తక్కువ తీసినా సరిపోయిందనే భ్రమ కలుగుతుంది. రెండూ ఆఫ్ చేయండి.

సోనీలో వీడియో తీసి పిక్చర్ ప్రొఫైల్‌ని వీడియో కోసం వాడే ఎస్-లాగ్‌లో వదిలేసి ఫోటోలకి మారితే ఐఎస్ఓ కింది హద్దు పెరిగిపోతుంది. ఏ7 మార్క్ 3లో అది 800. పట్టపగలు ఐఎస్ఓ 800లో రా తీస్తూ ఉంటారు. వీడియో, ఫోటో రెండూ ఒకే కెమెరాతో తీసేవాళ్లు ఫోటోకి, వీడియోకి విడివిడిగా మెమరీ సెట్టింగులు సేవ్ చేసుకోవాలి.

ఐఎస్ఓ గురించి కొంచెం

ఐఎస్ఓ పెంచితే సెన్సర్ మీద పడే వెలుతురు పెరగదు, వచ్చిన సిగ్నల్‌ని కెమెరా పెంచుతుంది. ఒక స్టాప్ పెంచిన ప్రతిసారీ పైన హైలైట్స్‌కి ఒక స్టాప్ చోటు పోతుంది. బదులుగా షాడోస్‌లో ఎలక్ట్రానిక్స్ నాయిస్ కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది సెన్సర్‌ని బట్టి. ఏ7 మార్క్ 3 లాంటి సెన్సర్లకి రెండు గెయిన్ దశలు ఉంటాయి, దీనికి రెండోది 640 దగ్గర మొదలవుతుంది. అందుకే 500 కంటే 640లో షాడోస్ శుభ్రంగా వస్తాయి. అక్కడి నుంచి పైకి ఐఎస్ఓ పెంచడం వల్ల లాభం చాలా తక్కువ. షట్టర్, అపర్చర్ మార్చకుండా 640లో తీసి లైట్‌రూమ్‌లో రెండు స్టాపులు లేపితే, 2500లో తీసినట్టే ఉంటుంది, పైగా దీపాలు, జరీ దగ్గర రెండు స్టాపుల చోటు మిగులుతుంది. ముహూర్తం సమయంలో మండపం చుట్టూ దీపాలు, లోపల చీకటి ఉన్నప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఇబ్బందల్లా స్క్రీన్ మీద ఫోటో చీకటిగా కనిపించడమే. ఒకటిన్నర స్టాప్ దగ్గర ఆపుకుంటే రెండు వైపులా సర్దుబాటు.

మెనూలో ఎల్ అని రాసి ఉండే ఐఎస్ఓ 50 మీద ఆశ పెట్టుకోవద్దు. అది ఐఎస్ఓ 100నే ఒక స్టాప్ ఎక్కువ వెలుతురుతో తీసి తర్వాత కిందికి దించడం. హైలైట్స్‌లో ఒక స్టాప్ పోతుంది.

రాలో ముద్రపడిపోయే చారలు

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. చౌక ఎల్‌ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఫోటోలో అడ్డంగా చారలు వస్తాయి. ఇవి రా అంకెల్లోనే ఉంటాయి, ఫ్రేముకొక చోట ఉంటాయి, ఒక ప్రీసెట్‌తో పోయేవి కావు. ఫంక్షన్ హాలులోకి అడుగుపెట్టగానే 1/400 దగ్గర ఒక ఫోటో తీసి చూడండి. చారలుంటే మెకానికల్ షట్టర్‌కి మారి 1/100 లేదా 1/50 పెట్టండి. యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. ఎల్‌ఈడీ వాల్ అయితే 1/100 కూడా పనిచేయకపోవచ్చు, అది వేరే వేగంతో మిణుకుతుంది. షట్టర్‌ని కొద్దికొద్దిగా మార్చి చారలు పోయే చోటు వెతకాల్సిందే.

ఎలక్ట్రానిక్ షట్టర్‌కి ఇంకో ఖరీదు ఉంది. కెనాన్ ఆర్5, ఆర్6 లాంటి వాటిలో అది రా ఫైలుని 12 బిట్‌కి దించుతుంది. ఐఎస్ఓ 1600 దాటాక 12కి, 14కి తేడా కంటికి కనిపించదు. బేస్ ఐఎస్ఓలో షాడోస్ నాలుగు స్టాపులు లేపితేనే తెలుస్తుంది. కంప్రెషన్‌కి కూడా ఇదే మాట. లాస్‌లెస్ కంప్రెస్డ్ ఉంటే అదే పెట్టండి, ఏమీ పోదు. కెనాన్ సీ-రా లాంటి లాసీ (కొంత డేటా పోయే) రకాలు పెళ్లి పనికి సరిపోతాయి, లోతైన షాడోస్ లేపే రాత్రి ఆకాశం లాంటి వాటికి వద్దు.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర

వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకోవచ్చు కదా అని ఆటోలో వదిలేస్తే ఒక్క ఫోటోకి నష్టమేమీ లేదు. తలంబ్రాల దగ్గర వరసగా వందల ఫోటోలు తీస్తే, వెనక ఎల్‌ఈడీ రంగు మారినప్పుడల్లా కెమెరా కొత్త నిర్ణయం తీసుకుంటుంది. లైట్‌రూమ్‌లో ఒక ఫోటో వైట్ బ్యాలెన్స్ "యాజ్ షాట్" గా ఉంచి మిగతావాటికి సింక్ చేస్తే, ప్రతి ఫోటోకీ దాని సొంత యాజ్ షాటే మిగులుతుంది, ఏదీ సరికాదు. ముందుగా ఆ ఫోటోలో ఏదైనా అంకె మార్చి కస్టమ్ చేశాక సింక్ చేయాలి. అసలు కెమెరాలోనే 4500 కెల్విన్ లాంటి ఒక అంకె పెట్టేసి తీస్తే అన్నీ ఒకే తప్పుతో వస్తాయి, ఒకే సారి సరిచేయవచ్చు.

ఇంపోర్ట్ చేయగానే ఫోటో ఒక క్షణం బాగా కనిపించి వెంటనే పేలవంగా మారడం చాలామందికి అనుభవమే. మొదట కనిపించేది కెమెరా పెట్టిన జేపెగ్ ప్రివ్యూ, తర్వాత వచ్చేది లైట్‌రూమ్ తన సొంత అడోబ్ కలర్ ప్రొఫైల్‌తో రా నుంచి తయారుచేసింది. ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్స్ ట్యాబ్ తెరిచి రా డిఫాల్ట్స్ దగ్గర కెమెరా సెట్టింగ్స్ ఎంచుకుంటే, కెమెరాలో పెట్టిన స్టైల్‌కి దగ్గరి ప్రొఫైల్‌తో మొదలవుతుంది. ఆయా కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్‌లు, కెనాన్ డీపీపీ, నికాన్ ఎన్‌ఎక్స్ స్టూడియో మాత్రం కెమెరా సెట్టింగులన్నీ అడక్కుండానే పాటిస్తాయి.

మీ కెమెరాకి ఎంత చోటు ఉంది

పై మాటలన్నీ మీ కెమెరాలో అంకెలుగా తేల్చుకోవచ్చు. ఒక తెల్ల గోడ, దాని మీద సమానంగా పడే పగటి వెలుతురు చాలు. మాన్యువల్ మోడ్, బేస్ ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ డేలైట్, మీరు రోజూ వాడే పిక్చర్ స్టైల్. గోడ ఫ్రేమంతా నిండాలి, ఫోకస్ అవసరం లేదు. షట్టర్ స్పీడ్‌ని మూడో వంతు స్టాప్ చొప్పున తగ్గిస్తూ తీయండి. మిణుకులు మొదలైన ఫోటో నంబరు రాసుకుని, అక్కడి నుంచి ఇంకో మూడు స్టాపుల దాకా ఆపకుండా తీయండి. ఆ ఫైళ్లని రాడిగ్గర్‌లో లేదా ఫాస్ట్‌రావ్యూయర్‌లో తెరవండి. ఇవి జేపెగ్‌ది కాకుండా రా హిస్టోగ్రామ్‌నే చూపిస్తాయి. ఆకుపచ్చ చానల్ గరిష్ఠ విలువ దగ్గర నిట్టనిలువుగా కుప్పపడిన మొదటి ఫోటో ఏదో చూడండి. మిణుకులు మొదలైన ఫోటోకి, దీనికి మధ్య ఎన్ని మూడో వంతు స్టాపులున్నాయో అదే మీ చోటు. సాధారణంగా అర స్టాప్ నుంచి ఒక స్టాప్ పైచిలుకు వస్తుంది. అందులోంచి మూడో వంతు స్టాప్ భద్రత కోసం వదిలేసి మిగతాది ధైర్యంగా వాడుకోవచ్చు. సోనీలో అయితే జీబ్రాని (మరీ వెలుతురైన చోట చారలు చూపే హెచ్చరిక) 109+ దగ్గర పెట్టి ఇదే పరీక్ష చేస్తే ఇంకా దగ్గరి లెక్క దొరుకుతుంది.

ఇదే పరీక్షని రాత్రి ఒక పసుపు బల్బు వెలుతురులో, వైట్ బ్యాలెన్స్ టంగ్‌స్టన్‌లో పెట్టి మళ్లీ చేయండి. ఈసారి ఆకుపచ్చతో పాటు ఎరుపు చానల్‌ని కూడా గమనించండి. పగటి అంకె, రాత్రి అంకె వేరుగా వస్తాయి. రెండూ కెమెరా బ్యాగులో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, పిక్చర్ స్టైల్ మార్చినప్పుడు మళ్లీ కొలవండి.